గాజు పెట్టెలో నీళ్ల పనితనం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో కంప్యూటర్ మీద బతికేవాళ్లు చాలామందే ఉన్నారు. పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసేవాళ్లు, ఫ్లెక్సీలు వేసేవాళ్లు, డ్రోన్ షాట్లతో పెళ్లి సినిమాలు ఎడిట్ చేసేవాళ్లు, యూట్యూబ్ ఛానళ్లు నడిపేవాళ్లు. మల్యాల మండలం లంబాడిపల్లి నుంచి వచ్చిన మై విలేజ్ షోతో గంగవ్వ ఇంటింటి మనిషైన జిల్లా మాది. ఇక్కడ మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలోనే రేకుల కింద, కిటికీ సరిగా లేని గదుల్లో ఈ మెషీన్లు రాత్రింబవళ్లు రెండరింగ్ చేస్తుంటాయి. అందుకే విడిభాగాలు తెచ్చి చేత్తో కట్టిన పీసీని, అందులోని లిక్విడ్ కూలింగ్‌ను, ఆర్‌జీబీ వెలుగును పిల్లల సరదా అంటే నేను ఒప్పుకోను. మన ఎండకు తగిన పని అది. మంచి చేతిలో పడితే కళ.

ముందు లెక్క చూడాలి. రేడియేటర్‌లో తిరిగే నీళ్లు గదిలోని గాలికన్నా చల్లబడవు. బెంగళూరు వీడియోలు చూసి ఇక్కడ కట్టేవాళ్లు పప్పులో కాలేసేది ఈ ఒక్క చోటే. గది 25 డిగ్రీలుంటే, మంచి లూప్‌లో (నీళ్లు తిరిగే చుట్టులో) అవి 35 దగ్గర నిలుస్తాయి. మన గది 42 ఉంటే అవే నీళ్లు 52కు పోతాయి. మంచి పేరున్న డీ5 పంపుకు హద్దు 60 డిగ్రీలు. అంటే చేతిలో మిగిలేది 8 డిగ్రీలే. 170 వాట్ల ప్రాసెసర్, 220 వాట్ల గ్రాఫిక్స్ కార్డు పెట్టి, మూడు ఫ్యాన్లు పట్టే ఒక్క 360 రేడియేటర్‌తో సరిపెడితే ఆ 8 కూడా మిగలవు. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ పట్టే ప్రతి ముక్కకూ 100 వాట్లు అన్నది పనివాళ్ల మోటు లెక్క. మన ఊళ్లలో అంతకుమించి బరువు వేయొద్దు. ఒకటి పైన, ఒకటి ముందు, రెండు 360లు పెట్టాల్సిందే.

ట్యూబుల విషయంలో నాది యాక్రిలిక్ పక్షం. పీఈటీజీ ప్లాస్టిక్‌ను వంచడం తేలిక, కాబట్టి చాలామంది అటే పోతారు. కానీ నీళ్లు 60కి చేరువైతే అది ఫిట్టింగుల దగ్గర మెత్తబడే భయం ఉంటుంది. యాక్రిలిక్ మొండిది, కోసేటప్పుడు పగులుతుంది, వంచేటప్పుడు బుడగలు పోస్తుంది. అయినా ఒకసారి కుదిరిందంటే మన ఎండకు చలించదు. కోరుట్లలో ఒక కుర్రాడు దాన్ని వంచుతుంటే చూశాను. లోపలికి సిలికాన్ తాడు దూర్చాడు. హీట్ గన్ ముందు ట్యూబును రెండు చేతుల్లో నిదానంగా తిప్పుతూనే ఉన్నాడు, ఒక్క వైపు కూడా ఎక్కువ సేపు ఆపలేదు. తనంతట తాను వాలడం మొదలవగానే గన్ పక్కన పెట్టి, చెక్క అచ్చు మీద ఆనించి 90 డిగ్రీలకు తిప్పి, చల్లారేదాకా ఊపిరి బిగబట్టినట్టు కదలకుండా పట్టుకున్నాడు. తర్వాత కోసిన అంచును సన్నటి ఉప్పు కాగితంతో ఏటవాలుగా అరగదీశాడు. ఆ అంచు పదునుగా ఉంటే ఫిట్టింగ్‌లోని రబ్బరు రింగు తెగి, ఆరు నెలలకో ఏడాదికో చుక్క కారుతుంది. “తొందరపడితే పైపు మాట వినదన్నా” అన్నాడు. ఒక్క వంపు తేడాగా వచ్చిందని ఆ ముక్క పారేసి మళ్లీ మొదలుపెట్టాడు. ప్రాసెసర్ నుంచి కార్డుకు దిగే ట్యూబు, కార్డు నుంచి పంపుకు పోయే ట్యూబు గీత గీసినట్టు సమాంతరంగా రావాలని అతని పంతం. వచ్చాయి కూడా!

సిరిసిల్ల కథ వేరు. అక్కడి శత్రువు ఎండ ఒక్కటే కాదు, సాంచాల (మరమగ్గాల) నుంచి లేచే నూగు. పాలిస్టర్ పోగులు నలిగి గాలిలో తేలే ఆ నూగు రేడియేటర్ రెక్కల మధ్య చాపలా పరుచుకుంటుంది. పైకి ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి, లోపలికి మాత్రం గాలి పోదు. సిరిసిల్లలో మంచి పనివాడు ముందు వైపు అయస్కాంతంతో అంటుకునే జాలీ పెడతాడు, రెక్కలు ఒత్తుగా ఉన్న రేడియేటర్ జోలికే పోడు. పదిహేను రోజులకోసారి జాలీ తీసి దులపమని ఒట్టు వేయించుకున్నంత పని చేస్తాడు. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములు గారు, ఆ విద్యను నిలబెట్టిన కొడుకు విజయ్, మగ్గం మీద జీ20 లోగో నేసి 2022 నవంబరులో ప్రధాని నోట ‘మన్ కీ బాత్’లో వినిపించిన వెల్ది హరిప్రసాద్ పుట్టిన ఊరది. అక్కడి కుర్రాళ్ల కేబుల్ దువ్వుడు చూస్తే వేళ్లలో ఆ సన్నపని ఇంకా ఉందనిపిస్తుంది.

వెలుగు దగ్గర నా పట్టుదల ఇంకా ఎక్కువ. గొప్ప పనివాడు రంగును నీళ్లలో కలపడు. పాలరంగు ద్రవాలు అందంగానే ఉంటాయి, కానీ కొన్నాళ్లకు రంగు పొడి పేరుకుని ప్రాసెసర్ బ్లాకులోని సన్నటి కాలువల్ని పూడ్చేస్తుంది. అతను లూప్‌లో తేటగా ఉండే కూలెంట్ పోసి, రిజర్వాయర్ యాక్రిలిక్ అంచు నుంచి వెలుగు పంపుతాడు. లైటు ఎక్కడుందో కంటికి కనిపించదు, నీళ్లే వెలుగుతున్నట్టుంటుంది. నీటి వేడి కొలిచే చిన్న సెన్సర్‌ను లైట్లకు జత చేస్తే, నీళ్లు వేడెక్కుతుంటే నీలం కాస్తా ఎరుపుకు తిరుగుతుంది. అలా చేసినప్పుడే ఆర్‌జీబీకి అర్థం. ఇక ఆల్బమ్ పని చేసే గదిలో రంగు లైట్లు అసలు వద్దు. పెళ్లికూతురి ముఖం మీది పసుపు ఛాయ సరిచేసే కళ్లకు పక్కన గులాబీ రంగు వెలుగుంటే, ప్రింట్ కచ్చితంగా తప్పుగా వస్తుంది. అక్కడ మసక తెలుపు ఒక్కటే పెట్టాలి.

కొత్తవాళ్లకు ఒక హెచ్చరిక. మదర్‌బోర్డు మీద లైట్లకు 12 వోల్టుల నాలుగు పిన్నుల సాకెట్ వేరు, ఒక్కో లైటుకు ఒక్కో రంగు చెప్పే 5 వోల్టుల మూడు పిన్నుల సాకెట్ వేరు. 5 వోల్టుల స్ట్రిప్‌ను 12లో గుచ్చితే క్షణంలో మాడిపోతుంది.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్తాను. సేమూర్ క్రే 1985లో క్రే-2 సూపర్ కంప్యూటర్ బోర్డుల్ని ఏకంగా ద్రవంలో ముంచేశాడు. ఆపిల్ 2004లోనే పవర్ మ్యాక్ జీ5లో నీళ్లు తిప్పింది. నీలం ఎల్‌ఈడీ లేకపోతే మూడు రంగుల ఆట లేనే లేదు. దానికి అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ వచ్చింది. ఆ ముగ్గురికీ మా కోరుట్ల కుర్రాళ్ల తరఫున ఒక దండం.

ఇప్పుడు కడుపుమంట. ఆన్‌లైన్‌లో, కొన్ని షాపుల్లో ‘గేమింగ్ పీసీ’ పేరుతో అమ్ముతున్నవి చూడండి. ముందంతా గాజు, గాలి లోపలికి పోయే సందే లేదు. ఆపడానికి వీల్లేని రెయిన్‌బో ఫ్యాన్లు ఆరు. పేరు ఊరు లేని పవర్ సప్లై. ఎక్కడో సర్వర్లలో పదేళ్లు నలిగిన ప్రాసెసర్. వాటర్ కూలింగ్ కిట్ అని అంటగట్టేదాంట్లో రాగి బ్లాకుకు అల్యూమినియం రేడియేటర్! ఆ రెండు లోహాలూ ఒకే నీళ్లలో కలిస్తే అల్యూమినియం తినుకుపోతుందని తెలియక కాదు, తెలిసీ అమ్ముతున్నారు. ఇంకొందరు లూప్‌లో బోరు నీళ్లు పోస్తారు. మన బోరు నీళ్ల ఉప్పు బకెట్ అడుగున తెల్లగా కనిపిస్తూనే ఉంటుంది కదా, బ్లాకులోనూ అదే పేరుకుంటుంది. ఫ్యాక్టరీలోనే సీలు వేసిన ఏఐఓ తగిలించి ‘లిక్విడ్ లూప్ చేశాం’ అని బోర్డు పెట్టేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. ఏఐఓ పనికిరానిదని కాదు, చాలామందికి అదే చాలు. కానీ దాన్ని బిగించడం వేరు, లూప్ కట్టడం వేరు. రెండింటికీ ఒకే పేరు పెడితే అసలు పనివాడి కూలీ పోతుంది.

పోతోంది కూడా. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ధర విని వచ్చి, పార్టుల మీద వెయ్యి రూపాయలు తగ్గించమని గంటసేపు బేరమాడే మనవాళ్లు, రెండు రోజుల వంపు పనికి కూలీ అడిగితే మొహం చిట్లిస్తారు. అలా చేతులు బాగున్న కుర్రాళ్లు ఈ పని వదిలి సీసీ కెమెరాలు బిగించుకుంటున్నారు, గల్ఫ్ వీసా కోసం తిరుగుతున్నారు. మా జిల్లా నాచుపల్లిలో జేఎన్టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. ఏడాదికోసారి ఈ మూడు ఊళ్ల పనివాళ్లను పిలిచి, వాళ్లు కట్టిన మెషీన్లను పిల్లల ముందు నడిపించమని, ట్యూబు వంచి చూపించమని ఆ కాలేజీని వేడుకుంటున్నాను. పీసీ కట్టించుకునే అన్నలకూ ఒక మాట. షాపులో లైట్లు చూసి మురిసిపోకండి. రేడియేటర్ రాగిదేనా, ఏ కూలెంట్ పోస్తున్నావు, ఫిట్టింగుల కింద టిష్యూ కాగితం పరిచి ఒక్క పంపునే ఎన్ని గంటలు తిప్పి చూశావు తమ్మీ అని అడగండి. ఒక రోజంతా తిప్పాను అన్నవాడికి అడిగిన కూలీ ఇచ్చేయండి.