మిల్లీసెకన్ల లెక్కలో దాగిన లోపం

మీ కర్మాగారంలో ఈథర్నెట్ స్విచ్చులను వలయంగా కలపమని సలహా ఇచ్చేవారు ముందుగా ఒక అంకె చెబుతారు: కేబుల్ తెగితే 200 మిల్లీసెకన్లలో దారి మారుతుందని. ఆ అంకె అబద్ధం కాదు. కానీ దాని మీద పెంచుతున్న నమ్మకం మాత్రం అతిగా ఉంది.

అసలు ఈథర్నెట్‌కు వలయం గిట్టదు. ఫ్రేము ఇన్నిసార్లే తిరగాలన్న నియమం అందులో లేదు. అందరికీ ఉద్దేశించిన ఫ్రేము ఒకటి వలయంలో పడితే గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది, క్షణాల్లో నెట్‌వర్క్ స్తంభిస్తుంది. అందుకే ఐ.ఇ.సి. 62439-2 ప్రమాణంలోని ఎం.ఆర్.పి. పద్ధతిలో ఒక స్విచ్చు మేనేజరుగా ఉంటుంది. అది తన రెండు రింగు పోర్టుల్లో ఒకదాన్ని మూసి, రెండు వైపులా పరీక్షా ఫ్రేములు పంపుతుంది. అవి తిరిగి రాకపోతే మూసిన పోర్టు తెరుస్తుంది. అంటే పేరుకు వలయమే గాని, పనిచేసేది గొలుసు. (మేనేజరును అమర్చకముందే చివరి కేబుల్ కలిపేసే తొందరపాటు మనవాళ్ళకు ఎక్కువ!)

ఇప్పుడు యంత్రం వైపు నుంచి చూడండి. ప్రొఫినెట్‌లో మామూలు అమరిక ప్రకారం వరుసగా మూడు అప్‌డేట్లు అందకపోతే సంబంధం తెగినట్లే. అప్‌డేటు 8 మిల్లీసెకన్లకు ఒకసారి అనుకుంటే, 24 మిల్లీసెకన్లకే పరికరం ఆగిపోతుంది. వలయం 200లో కోలుకుంటే ఎవరికి లాభం? నెట్‌వర్క్ బతికింది, ఉత్పత్తి ఆగింది. ఆ గడువును 200 కంటే పెంచాలి; అంత ఆలస్యాన్ని యంత్రం భరించలేకపోతే ఈ పద్ధతే పనికిరాదు. ప్రతి ఫ్రేమునూ రెండు వైపులా పంపే హెచ్.ఎస్.ఆర్. పద్ధతిలో ఈ విరామమే ఉండదు గాని, తీగ మోయవలసిన భారం పెరుగుతుంది.

ఇంకొకటి. వెళ్ళే కేబులూ తిరిగివచ్చే కేబులూ ఒకే కందకంలో వేస్తే, పలుగు ఒక్క పోటుకు రెండూ తెగుతాయి. ఖర్చు తగ్గించామని సంతోషించేవారు దీన్ని పట్టించుకోరు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది మొదటి తెగుడు. పని ఆగదు కనుక ఎవరికీ తెలియదు. నెలల తరబడి వలయం గొలుసుగానే మిగిలిపోయి, రెండోది తెగిన రోజున సగం ప్లాంటు దూరమవుతుంది. స్విచ్చులో ఫాల్టు రిలే ఉన్నా, దానికి వైరు కలపని ప్యానెళ్ళు కొల్లలు.

కనుక ప్లాంటును స్వాధీనం చేసుకునే ముందు, యంత్రాలు నడుస్తుండగా ఒక కేబుల్ ఊడదీసి చూపించమనండి. తిరిగి పెట్టేలోగా కంట్రోల్ రూములో అలారం మోగిందో లేదో మీరే స్వయంగా చూడండి.