బండను కదిపే తొడ

కొమరోలు, గిద్దలూరు వైపు బండలాగుడు పోటీలకు వచ్చినవాళ్ల చూపు ముందు గిత్తల కొమ్ముల మీద, ఆపైన మూపురం మీద పడుతుంది. ఒంగోలు జాతికి ఆ రెండూ అందమే, కాదనను. కానీ జత వెనక, కాస్త పక్కకు నిలబడి చూడండి. అక్కడ నాయకత్వమంతా వెనక తొడదే.

బండకు గొలుసు తగిలిస్తారు. గిత్త తల దించి, వెనక గిట్టలు మట్టిలో గుచ్చి, ఒళ్లంతా ముందుకు వాలుస్తుంది. అప్పుడు తెల్లని తోలు కింద తొడ వెనక నిలువునా ఒక గాడి తేలుతుంది. గాడికి బయటివైపు బైసెప్స్ ఫెమోరిస్ అనే కండ. పశువుల్లో అది పిర్ర కండతో ఏకమై మోకాలిచిప్ప దాకా వెడల్పుగా పరుచుకుంటుంది. గాడికి వెనక సెమిటెండినోసస్. దాని పాయ ఒకటి మడమ దాకా దిగుతుంది. లోపలివైపు దాగినది సెమిమెంబ్రనోసస్. పాలపళ్ల గిత్తల్లో తొడ ఇంకా నున్నగానే ఉంటుంది. ఉలవలు తిని, ఏళ్లు సాధన చేసిన సీనియర్ జతల్లోనే ఈ గీత నిండుగా పలుకుతుంది.

గిట్ట నేలను పట్టాక ఈ కండలు బిగిస్తే కాలు వెనక్కి పోలేదు, ఒళ్లే ముందుకు సాగాలి. చూడ్డానికి లాగేది మెడ, నిజంగా తోసేది తొడ. నిలిచిన బండను కదపడానికి పట్టే బలం, కదిలిన బండను నడపడానికి పట్టదు. అందుకే మొదటి అడుగుకు ముందు క్షణం అంత గొప్పది. బండ కదలదు, దుమ్ము లేవదు, కండ మాత్రం ఉబ్బి వణుకుతుంది. వీరరసానికి స్థాయీభావం ఉత్సాహమన్నారు లాక్షణికులు. ఆ ఉత్సాహానికి ఇంతకు మించిన ఆకారం నేను చూడలేదు. కదిలాక ఇక లయే: కవ్వపు తాడు రెండు కొసల్లా ఒక తొడ బిగిస్తే ఒకటి సడలుతుంది.

పక్కనే పరుగెత్తే తోలేవాడి తొడలోనూ అవే మూడు కండలు. అక్కడ వాటికి ఇంకో పని కూడా ఉంది: ముందుకు విసిరిన కాలు నేల తాకేలోపు దాని జోరుకు కళ్లెం వేయడం. సాగుతూనే బిగిసే ఆ ఘడియలోనే పరుగు వీరులకు తొడ పట్టేస్తుంది, ఒక్కోసారి కండ చిట్లుతుంది.

ఒంగోలు గిత్తల సంతతే బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో ప్రధానంగా మాంసానికి పెరుగుతోంది. అక్కడ ఈ తొడ విలువ తూకంలో తేలుతుంది, ఇక్కడ కదలికలో.

ఆ కదలికను చెడగొట్టేది చర్నాకోల. దెబ్బ పడగానే తోలు అదురుతుంది, అడుగు తడబడుతుంది, జత పొత్తు చెదురుతుంది. రసభంగమంటే అదే. ఎన్ని అడుగులు లాగిందో కొలిచి బహుమతి ఇస్తారు, ఇవ్వనీ. ఒక్క అదిలింపుకే, దెబ్బ తగలకుండా, మొదటి ఊపులో బండను కదిపిన జతకే నా మొదటి స్థానం. అది ఆఖరి బహుమతితో ఇంటికి పోయినా సరే.