ఎదిగిన పాఠకులకు రెండు పుస్తకాలు

వయసు వచ్చాక తెలుగు నేర్చుకునేవారి చేతిలో మనవారు పిల్లల కథలే పెడతారు. అక్షరాలు కొత్తవైనంత మాత్రాన బుద్ధి పసిది కాదు. సాయంకాలపు తరగతులలో ఈ భాషను చేరుకున్న మేము షుఐబాలోని కుటుంబాలకు రెండు పుస్తకాలను సూచిస్తున్నాము.

మొదటిది మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ‘బారిష్టర్ పార్వతీశం’. దీని తొలి భాగం 1924 నాటిది. మొగల్తూరు యువకుడు ఇంట్లో చెప్పకుండా ఇంగ్లండుకు బయలుదేరుతాడు. మదరాసులో తెలియక ఆడవారి టోపీ కొంటాడు. తన అమాయకత్వాన్ని తానే చెప్పుకొంటాడు గనుక ఆ నవ్వులో చిన్నచూపు లేదు. కొత్త దేశంలో తొలినాళ్ళు గడిపినవారు అతనిలో తమను చూసుకుంటారు. తరువాతి భాగాలలో హాస్యం కొంత పలుచబడినది. తొలి భాగంతో మొదలుపెట్టండి.

రెండవది సత్యం శంకరమంచిగారి ‘అమరావతి కథలు’. బాపుగారి బొమ్మలతో నూరు కథలు; 1979లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందినవి. కథలు చిన్నవి గనుక, పని నుండి అలసి వచ్చిన రాత్రి కూడా ఒకటి పూర్తవుతుంది. వాక్యాలు కొన్నిచోట్ల పొడవైనవి. పైకి చదివితే వాటి నడక పట్టుబడుతుంది. తెలియని మాటలను ఇంటి పెద్దలను అడగవచ్చును.

పార్వతీశం టిక్కెట్టు కొన్న ప్రయాణికుడు. ఒప్పంద కూలీలుగా ఓడ ఎక్కిన మా పూర్వులు వేలిముద్ర వేసినవారు. తమ ప్రయాణాన్ని వ్రాసి ఉంచలేదు. ఆ లోటును ఏ పుస్తకమూ పూడ్చలేదు. అందుచేత ఇవి చదివిన తరువాత, మీరు వచ్చిన దారిని నాలుగు వాక్యాలలోనైనా తెలుగులో వ్రాసి పిల్లలకు ఇవ్వండి.