ఏడోవాడు

ఆదివారం పొద్దున ఆరున్నర. సికింద్రాబాద్ వైపు ఒక గ్రౌండ్. రాత్రి కురిసిన జల్లుకి పెనాల్టీ బాక్సు సున్నం గీతలు సగం కరిగిపోయాయి. అటు పక్క పసుపు జెర్సీల్లో పదకొండు మంది రెండు వరసలు కట్టి వార్మప్ చేస్తున్నారు. ఇటు పక్క మేము ఆరుగురం. రెఫరీ గడియారం చూసుకుంటూ నా దగ్గరికొచ్చాడు.

"ఎంతమంది ఐన్రు?"

"ఆరుగురం సార్. ఇంకొకడు దారిల ఉన్నడు."

"పది నిమిషాలు చూస్త. తర్వాత వాకోవరే."

ఆయన తప్పేం లేదు. ఫుట్‌బాల్ నిబంధనల్లో మూడోది ఆ మాటే చెబుతుంది. ఏ జట్టులోనైనా ఏడుగురికి తక్కువుంటే మ్యాచ్ మొదలుపెట్టకూడదు. ఇది పదకొండు మంది ఆట అని చిన్నపిల్లలకి కూడా తెలుసు. బస్తీ టీం నడిపేవాళ్లకి మాత్రం ఇంకో అంకె నిద్రలో కూడా గుర్తుంటుంది. అది ఏడు.

తొమ్మిదో నిమిషంలో గేటు దగ్గర బైకు ఆగింది. మా లెఫ్ట్ బ్యాక్. ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోకుండా తిన్నగా వచ్చేశాడు. యూనిఫాం ప్యాంటు మడిచి, దాని మీదకే సాక్సులు లాక్కుని, షిన్ గార్డులు లోపలికి తోసి, ఒక బూటు లేసు కట్టీ కట్టకుండానే లోపలికి పరిగెత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "లేటైంది అన్నా" అన్నాడు. నేనేమీ అనలేదు. గొంతులో ఏదో అడ్డం పడింది.

ఏడుగురితో ఆడడం వేరే విద్య. కీపర్ ముందు ముగ్గురు, వాళ్ల ముందు ఇద్దరు, అందరికన్నా ముందు ఒకడు. రెండు వింగులూ అవతలి వాళ్లకి వదిలెయ్యాలి. గోలుకి ఎదురుగా ఉన్న నడిమి జాగాని మాత్రం ప్రాణం పోయినా వదలకూడదు. బంతి వాళ్ల కాళ్ల దగ్గరున్నంతసేపూ వెంటపడి అలిసిపోకూడదు. దొరికినప్పుడు ఆత్రంగా ముందుకి తన్నెయ్యకూడదు, ఒకరికొకరు చిన్న చిన్న పాసులిచ్చుకోవాలి. మనకి ఊపిరి ఆడేది అప్పుడే. త్రో మనదైతే బంతిని నింపాదిగా తెచ్చుకుని విసరాలి. ఇరవై ఎనిమిది నిమిషాలు అలా గోలు పడకుండా ఆగాం. ఒకసారి పసుపు జెర్సీ కుర్రాడు ఒంటరిగా దూసుకొస్తుంటే మా లెఫ్ట్ బ్యాక్ బురదలో జారుకుంటూ వెళ్లి బంతిని గీత దాటించాడు. లేచేసరికి యూనిఫాం ప్యాంటు మోకాలి దగ్గర చిరిగి వేలాడుతోంది. దాన్ని సాక్సులో దోపుకుని మళ్లీ తన జాగాకి వెళ్లిపోయాడు. రెండో సగంలో కాళ్లు బరువెక్కాయి. మూడు గోల్స్ తిన్నాం. 3–0.

పద్నాలుగేళ్లుగా ఈ టీంని చూసుకుంటున్నాను. మొదటి ఎనిమిదేళ్లు ఆడుతూ నడిపాను, మోకాలు మొండికేశాక గట్టు మీద నిలబడి నడుపుతున్నాను. నా సంచిలో రెండు బంతులు, గాలి కొట్టే పంపు, సూది, దాని మీద వెయ్యడానికి కొబ్బరినూనె చిన్న సీసా ఉంటాయి. పొడి సూది గుచ్చితే బ్లాడర్ మూతి చిరుగుతుంది. వాటితోపాటు ఒక హాజరు పుస్తకం. ప్రతి ఆదివారానికీ ఒక పేజీ. వచ్చినవాళ్ల పేర్లు, రానివాళ్ల పక్కన కారణం. డ్యూటీ. పెళ్లి. పరీక్ష. మోకాలు. ఇంట్లో బాగాలేదు. దుబాయ్.

మా టీం ఎప్పుడు లేచిందో, ఎప్పుడు పడిందో చెప్పమంటే నేను స్కోర్లు చూడను, ఆ పుస్తకం తిరగేస్తాను. ఒక టోర్నమెంట్ ఫైనల్‌కి వెళ్లి టై బ్రేకర్‌లో గెలిచిన ఏడాది మా దగ్గర గొప్ప ఆటగాళ్లున్నారని బయటివాళ్లు అనుకున్నారు. పుస్తకం చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఆ ఏడు వానాకాలంలో కూడా ఒక్క ఆదివారం పద్నాలుగు మందికి తగ్గలేదు. రోజూ కలిసి ఆడినవాళ్లకి పక్కవాడు ఎటు తిరుగుతాడో చూడక్కర్లేదు, అలవాటైపోతుంది. మూడేళ్ల తర్వాత ఎవరితో ఆడినా ఓడిపోయాం. అప్పుడు ఎవరూ ఆట మరిచిపోలేదు. ఇద్దరు గల్ఫ్ వెళ్లారు, ఒకరు పెళ్లయ్యాక ఊరికి ఆ చివర కాపురం పెట్టారు, ముగ్గురికి డ్యూటీ షిఫ్టులు మారాయి, సెంటర్ హాఫ్‌కి మోకాలి లిగమెంట్ తెగింది. చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. ఓటమి స్కోరు దగ్గర కనబడడానికి ఆరు నెలల ముందే నా పుస్తకంలో మొదలైంది.

అందుకే టీం నడపడమంటే నాకు ముందుగా శనివారం రాత్రి పని. వాట్సాప్ గ్రూపులో పదహారు బొటనవేళ్లు కనబడతాయి, పొద్దున గ్రౌండులో ఎనిమిది జతల బూట్లు కనబడతాయి. కాబట్టి నేను ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తాను. "రేపు వస్తవా?" అని అడగను. "నీ జెర్సీ ఉతికి పెట్టిన్రా, ఆరున్నరకి తెస్త" అంటాను. తన పేరు మీద ఒక జెర్సీ ఎదురుచూస్తోందని తెలిసినవాడు దుప్పటి తీస్తాడు. ఇది నేర్చుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

ఈ విద్యలో ఆరితేరినవారొకరు మన ఊళ్లోనే ఉండేవారని తర్వాత తెలిసింది. సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులుగా పనిచేసిన మనిషి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్‌గా వచ్చాక 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు ఆ జట్టు రోవర్స్ కప్ తెచ్చింది. భారత జట్టుకి ఆయన కోచ్‌గా ఉండగా 1951లో, 1962లో ఏషియన్ గేమ్స్ బంగారు పతకాలు వచ్చాయి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు నాలుగో స్థానంలో నిలిచారు. ఇవన్నీ చాలామందికి తెలిసినవే. నా మనసులో నాటుకున్నది వేరే ముచ్చట. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే కుర్రాడి ఆట ఆయన కంటపడింది. హైదరాబాద్ వచ్చి ప్రాక్టీస్ చెయ్యమన్నారు. అంత దూరం రావడానికి ఆ కుర్రాడి దగ్గర డబ్బుల్లేవు. రహీం తన జేబులోంచి సైకిలు అద్దె ఇచ్చారు. ఆ కుర్రాడే 1956, 1960 ఒలింపిక్స్ ఆడాడు. రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. 1962 జకార్తాలో బంగారు పతకం గెలిచిన జట్టులోనూ ఉన్నాడు.

సైకిలు అద్దె. వ్యూహాలూ ఫార్మేషన్లూ అన్నీ తర్వాతి సంగతి. కుర్రాడు గ్రౌండుకి చేరాలి. చేరకపోవడానికి కారణమేమిటో ఒకరు అడిగి తెలుసుకోవాలి. దేశానికి కోచ్ అయిన మనిషి కూడా అక్కణ్నుంచే మొదలుపెట్టారని తెలిశాక, నా హాజరు పుస్తకం మీద నాకు గౌరవం పెరిగింది.

జకార్తా కథ కూడా మా కుర్రాళ్లకి ఎన్నోసార్లు చెప్పాను. ఆ పోటీల్లో మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో మనవాళ్లు 0–2తో ఓడిపోయారు. థాయ్‌లాండ్‌తో ఆడేటప్పుడు డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం అతన్ని పక్కన పెట్టెయ్యలేదు. వెనకనుంచి తెచ్చి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. ఫ్లూతో పడి లేచిన కీపర్ పీటర్ తంగరాజ్‌ని ఫైనల్లో దింపారు. సెప్టెంబర్ 4న ఎదురుగా మళ్లీ అదే కొరియా. 2–1తో గెలిచాం. ఒక గోలు పీకే బెనర్జీది, ఇంకొకటి కుట్లు పడ్డ తలతో ఆడిన జర్నైల్ సింగ్‌ది. ఉన్నవాళ్లతో, ఉన్న స్థితిలో, ఉన్న పూట ఆడాలి. ఆ మరుసటి ఏడాది జూన్‌లోనే రహీం కన్నుమూశారు.

ఆయన పెట్టిన పద్ధతుల్లో ఒకటి మేమూ చేస్తాం. హైదరాబాద్‌లో ఆయన బలహీనమైన కాలితోనే ఆడాలని ప్రత్యేకంగా పోటీలు పెట్టించేవారు. మాకు పోటీలు పెట్టే స్తోమతు లేదు, ఒక గోడ ఉంది. బడి కాంపౌండు గోడ మీద మోకాలి ఎత్తులో సుద్దతో చతురస్రం గీస్తాం. ఆరడుగుల దూరంలో నిలబడి ఎడమ కాలితో వంద పాసులు కొట్టాలి. ఆనిన కాలు బంతి పక్కనే ఉండాలి, దాని వేళ్లు ఎటు చూస్తే బంతి అటే పోతుంది. కొట్టే కాలి చీలమండ బిగబట్టి, బొటనవేలు పైకెత్తి, పాదం లోపలి పక్కతో నెట్టాలి. మా వింగర్ ఒకడు మొదటి వారం వందలో పదకొండు సార్లు గీత లోపల కొట్టాడు. సిగ్గుపడి ఇంటికి వెళ్లిపోతాడేమో అనుకున్నాను. వెళ్లలేదు. ఏడు నెలల తర్వాత ఒక మ్యాచ్‌లో బంతి ఎడమ పక్కకి పడితే కాలు మార్చుకోకుండా అలాగే కొట్టాడు. గోలు. వాడు పరిగెత్తి కౌగిలించుకున్నది పక్కనున్న స్నేహితుణ్ని కాదు, గట్టు మీద నిలబడ్డ నన్ను. ఆ రోజు కూడా మేం 2–1తో ఓడిపోయాం. నా పుస్తకంలో మాత్రం ఆ పేజీకి చుట్టూ గీత గీసి ఉంది.

ఇప్పుడు కష్టం ఇంకో వైపునుంచి వస్తోంది. మేం చిన్నప్పుడు ఆడిన మూడు ఖాళీ స్థలాల్లో రెండు ఇప్పుడు లేవు. ఒక దాంట్లో అపార్ట్‌మెంటు లేచింది, ఇంకొకటి ఫంక్షన్ హాల్ పార్కింగ్ అయింది. గంటకింత అని అద్దె కట్టి ఆడే ప్లాస్టిక్ గడ్డి టర్ఫులు గల్లీగల్లీకీ వచ్చాయి. వాటి వల్ల మంచి జరగలేదనను. ఉద్యోగాలు చేసుకునేవాళ్లు రాత్రి పదింటికి కూడా లైట్ల కింద ఆడుకుంటున్నారు, ఇరుకులో పాదాలు చురుగ్గా ఆడడం నేర్చుకుంటున్నారు. కానీ ఐదుగురి ఆటలో నలభై గజాల పాసు ఇచ్చే అవసరమే రాదు. తల పైకెత్తి అవతలి వింగు చూసే అలవాటు పెద్ద గ్రౌండు మీదే వస్తుంది. పైగా అద్దెలో తన వంతు వెయ్యలేని కుర్రాడు మెల్లగా రావడం మానేస్తాడు, కారణం చెప్పడు. నా పుస్తకంలో కారణం లేని ఖాళీ గడులు కనబడ్డప్పుడు నాకు అమ్ముగూడ సైకిలే గుర్తొస్తుంది. అలాంటి కుర్రాడి వాటా ఎవరు కట్టారో ఎవరికీ తెలియకుండా కట్టెయ్యాలి. మా టీంలో ఉద్యోగాల్లో స్థిరపడ్డ పాత ఆటగాళ్లు ఐదుగురు ఈ పని చేస్తున్నారు. వాళ్లు బంతి తన్ని ఏళ్లయింది. నా లెక్కలో వాళ్లు ఇంకా ఆడుతున్నట్టే.

పెద్ద జట్ల సంగతి వేరే. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి కప్పు గెలిచిన రాత్రి మా కుర్రాళ్లు వీధిలో టపాకాయలు కాల్చారు. నాలుగేళ్లు తిరక్కుండానే, 2025లో, ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. దానికి పెట్టుబడులూ లెక్కలూ ఉంటాయి, అర్థం చేసుకోగలను. ఆ వార్త చదివిన రోజు మా సెంటర్ హాఫ్ అడిగాడు, "మన టీం గూడ ఎటన్న పోతదా అన్నా?" అని. మనం ఎటు పోతాంరా, మన ఇళ్లు ఇక్కడే ఉన్నాయి కదా అన్నాను. బస్తీ టీం బలం అదే. దాన్ని ఎవరూ కొనుక్కుపోలేరు. కాకపోతే దానికి కాపలా కూడా మనమే ఉండాలి.

మొన్నటి మ్యాచ్ అయ్యాక లెఫ్ట్ బ్యాక్ గట్టు మీద కూర్చుని బూట్లు విప్పుతూ అలాగే కునికిపాట్లు పడ్డాడు. చేతిలో ఒక బూటు, కాలికి ఒక బూటు. ఎవరూ లేపలేదు. బంతుల్లో గాలి తీసి, జెర్సీలు సంచిలో కుక్కి, అందరం అతని చుట్టూ నేల మీద కూర్చున్నాం. పుస్తకం తీసి ఆ రోజు పేజీలో ఏడు పేర్లు రాశాను. ఏడో పేరు పక్కన వచ్చిన టైము కూడా వేశాను. ఆరు ముప్పై తొమ్మిది.

మీ వీధిలోనూ ఇలాంటి టీం ఒకటి ఉండే ఉంటుంది. దాని పేరు పేపర్లో రాదు, దాని ఓటములు ఎవరికీ పట్టవు. మీ ఇంట్లో మంచం కింద బురద ఎండిన బూట్లు కనబడితే, ఈ ఆదివారం ఆరింటికి ఆ పిల్లాణ్ని తట్టి లేపండి. గ్రౌండు దగ్గర ఎవరో ఆరు దాకా లెక్కపెట్టి, గేటు వైపు చూస్తూ నిలబడి ఉంటారు.