కీచురాయా, పిచ్చుకా?

నవంబరులో అమెరికాలోని బాతెల్‌లో ఉదయం ఏడయినా వెలుగు సరిగా రాదు. రాత్రంతా కురిసిన జల్లు బానెట్ మీద ఇంకా జారుతూనే ఉంటుంది. అలాంటి ఒక ఉదయం, ఇరవయ్యేళ్లు దాటిన మా కారు స్టార్ట్ చేయగానే వీధి చివరిదాకా వినపడేలా అరిచింది. రెండు నిమిషాల్లో సద్దుమణిగింది. మర్నాడూ అంతే. గ్యారేజీలో బెల్టు మార్చారు. పది రోజులు నిశ్శబ్దం, తర్వాత మళ్లీ అదే అరుపు. ఇంకో కొత్త బెల్టు వేశారు. మూడు వారాలకు అదీ అందుకుంది.

విజయవాడలో ఉన్న నాన్నకు ఫోన్ చేశాను. అక్కడ రాత్రి ఎనిమిదిన్నర. జవహర్ ఆటోనగర్ షెడ్లలో ముప్ఫై ఏళ్ల పైన లారీ ఇంజన్లు విప్పి బిగించిన మనిషి ఆయన. ఇంజన్ దగ్గర ఫోను పట్టుకుని, "వినపడుతోందా నాన్నా?" అన్నాను.

"నీ గొంతు తప్ప ఏమీ రావట్లేదమ్మా."

ఇప్పటి ఫోన్లు మనిషి మాటను ఉంచి, మిగతా చప్పుళ్లన్నిటినీ రొద కింద జమకట్టి వడగట్టేస్తాయి. నాన్నకు కావలసింది సరిగ్గా ఆ వడగట్టేసిన భాగమే.

"పోనీ, నోటితో చెప్పు తల్లీ. ఎట్లా అరుస్తోంది? కీచురాయిలాగా, పిచ్చుకలాగా?"

నాకు జవాబు రాలేదు. గ్యారేజీలో నేను ఇన్నాళ్లూ చెప్పింది "నాయిస్ వస్తోంది" అన్న ఒక్క ముక్కే. ఏ చప్పుడో చెప్పలేదు, ఎప్పుడు వస్తుందో చెప్పలేదు. డాక్టరు దగ్గరికి వెళ్లి "నొప్పి" అని మాత్రం చెప్పి కూర్చుంటే ఎలా ఉంటుందో, అలా ఉంది నా పద్ధతి.

తెలుగులో చప్పుళ్లకు పేర్ల కరువు లేదు. కీచుమంటుంది, కిచకిచలాడుతుంది, కిర్రుమంటుంది, గరగరలాడుతుంది, టకటక కొట్టుకుంటుంది, బుసకొడుతుంది. మనం వీటిని కథలకూ పాటలకూ అలంకారాలనుకుంటాం. ఆటోనగర్ మేస్త్రీలకు ఇవి స్పానర్లతో సమానమైన పనిముట్లు. సాగదీసిన ఒకే కూత, చెవిలో సూది గుచ్చినట్టు, కీచురాయిలా ఆగకుండా వస్తే అది కీచు: బెల్టు పుల్లీ మీద జారుతోందని అర్థం. పిచ్చుకలా ముక్కలు ముక్కలుగా, లయ తప్పకుండా వస్తే కిచకిచ: పుల్లీలు ఒకే వరసలో లేవని అర్థం. గులకరాళ్లు దొర్లినట్టు గరగర వస్తే బెల్టును వదిలేసి బేరింగు చూడాలి. పేరు సరిగ్గా పెడితే సగం రోగం అక్కడే తెలుస్తుంది. ఇంగ్లీషు మెకానిక్కులూ మొదటి రెంటినీ స్క్వీల్ అనీ చిర్ప్ అనీ విడదీస్తారు. మన నాలుక మీద ఉన్న ఆ తేడాను ఒక్క 'నాయిస్'లో కలిపేసి కౌంటర్ దగ్గర అప్పగించింది నేనే.

ఈ విద్య ఆటోనగర్ సొత్తు మాత్రమే కాదు. బోస్టన్ పక్కనున్న ఎంఐటీలో చదువుకుని గ్యారేజీ నడిపిన టామ్, రే మాగ్లియోజీ అన్నదమ్ములు 'కార్ టాక్' అనే రేడియో కార్యక్రమం చేసేవారు. అది 1977లో స్థానికంగా మొదలై 1987లో దేశమంతటికీ చేరింది. శ్రోతలు ఫోన్ చేసి తమ కారు చేసే చప్పుడును నోటితో అనుకరించేవారు, అన్నదమ్ములు ఆ కూతను బట్టి రోగం చెప్పేవారు. చెవితో రోగం పట్టడం డాక్టర్ల విద్య కూడా. వాళ్ల స్టెతస్కోపు 1816లో పారిస్‌లో లెనెక్ అనే వైద్యుడు చుట్టిన కాగితపు గొట్టంతో మొదలైంది. మెకానిక్కుల దగ్గరా స్టెతస్కోపు ఉంటుంది, గుండె మీద ఆనించే బిళ్ల స్థానంలో దానికి ఇనుప కడ్డీ ఉంటుంది. నాన్న తరానికి అదీ లేదు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను, కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ ఒంటి మీద ఆనించి, పిడిని చెవి దగ్గర ఎముకకు ఆనించి వినేవారు.

అమెరికాలో 1996 నుంచి అమ్మిన ప్రతి కారులోనూ లోపాలను కోడ్ రూపంలో చెప్పే కంప్యూటర్ వ్యవస్థ ఉంది. కానీ బెల్టు కీచుకు కోడ్ లేదు. ఆల్టర్నేటర్ చార్జింగ్ బాగా పడిపోతే, ఇంజన్ వేడెక్కితే డాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది, అంటే నష్టం మొదలయ్యాకే. అంతకుముందు వారాల తరబడి బెల్టు చెబుతూ వచ్చిన సంగతిని వినగలిగేది మనిషి చెవి ఒక్కటే. పాత బండి నడిపేవాళ్లకు ఈ విద్య విలువ ఇక్కడే ఉంది.

బెల్టు ఎందుకు అరుస్తుంది? క్రాంక్ షాఫ్ట్ చివర ఉన్న పుల్లీ ఒక రబ్బరు బెల్టును లాగుతుంది, ఆ బెల్టు ఆల్టర్నేటర్‌నూ, ఏసీ కంప్రెసర్‌నూ, పవర్ స్టీరింగ్ పంపునూ, చాలా కార్లలో వాటర్ పంపునూ తిప్పుతుంది. అంబాసిడర్ రోజుల్లో అదే రేడియేటర్ ఫ్యానును కూడా తిప్పేది. ఫ్యాను కరెంటు మోటారుకు మారి ఎన్నో ఏళ్లయినా మనవాళ్లు ఇంకా ఫ్యాన్ బెల్టు అనే అంటారు. బెల్టుకు పుల్లీ మీద పట్టు చాలనప్పుడు అది పట్టుకుని, జారి, మళ్లీ పట్టుకుంటుంది. క్షణానికి వందలసార్లు జరిగే ఆ పట్టూ జారుడూ రబ్బరును కంపింపజేస్తాయి, ఆ కంపనమే కూత. వయొలిన్ తీగ పలికేదీ ఇదే సూత్రంతో. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారి కమాను కింద నాదమైనది, మా బానెట్ కింద కీచు అయింది.

1917లో డెన్వర్‌లో జాన్ గేట్స్ కార్ల కోసం వి ఆకారపు రబ్బరు బెల్టు తయారుచేశాడు. బెల్టు మేకులా గాడిలోకి దిగి రెండు పక్కలా ఒరుసుకుంటుంది కనుక బల్లపరుపు బెల్టు కంటే పట్టు చాలా ఎక్కువ. నాన్న బతుకంతా వి బెల్టులతోనే గడిచింది. లారీకి జంట బెల్టులుంటే ఒకటి తెగినా రెండూ మార్చాలి, లేదంటే కొత్తదాని మీదే బరువంతా పడుతుంది. బిగువు చూసేది బొటనవేలితో. డైనమో బోల్టు వదులు చేసి, రాడ్డుతో డైనమోను ఎడంగా లాగి, రెండు పుల్లీల నడుమ బెల్టును నొక్కితే అరంగుళం దిగేలా పెట్టి బిగించేవారు. ఎక్కువ బిగిస్తే బేరింగు పోతుంది, తక్కువైతే అరుస్తుంది.

మా కారు బెల్టు ఆ రకం కాదు. 1979 ఫోర్డ్ మస్టాంగ్‌తో మొదలైన వంకరదారి బెల్టు అది, లోపలివైపు సన్నటి గాళ్లు ఉండి, పాములా అన్ని పుల్లీలనూ చుట్టి వచ్చే ఒకే బెల్టు. దాని బిగువు చూడటానికి బొటనవేలు అక్కర్లేదు, టెన్షనర్ అనే స్ప్రింగు చెయ్యి ఎప్పుడూ దాన్ని నొక్కిపెట్టి ఉంచుతుంది. ఇది గొప్ప సౌకర్యం. అయితే బొటనవేలి పనిని స్ప్రింగుకు అప్పగించాక, ఆ స్ప్రింగుకూ వయసు మీద పడుతుందన్న సంగతి మరిచిపోయాం. అందరి కళ్లూ బెల్టు మీదే.

"ఎప్పుడు అరుస్తుందో చెప్పు" అన్నది నాన్న రెండో ప్రశ్న. పొద్దున, చలిలో, స్టార్ట్ చేసిన వెంటనే. దానికో లెక్క ఉంది. సెల్ఫ్ కొట్టడానికి ఖర్చయిన కరెంటును బ్యాటరీకి తిరిగి నింపాలి కనుక ఆ మొదటి నిమిషాల్లో ఆల్టర్నేటర్ బరువుగా తిరుగుతుంది. చలికి రబ్బరు బిరుసెక్కి ఉంటుంది, పైగా తడి. బ్యాటరీ కోలుకుని, బెల్టు వేడెక్కేసరికి కూత ఆగిపోతుంది. ఆ తర్వాత నాన్న ఒక్కొక్క బరువే పెట్టించారు. హెడ్‌లైట్లు, వెనక అద్దం హీటర్ వేయమన్నారు, అంటే ఆల్టర్నేటర్ మీద బరువు. ఏసీ వేయమన్నారు, కంప్రెసర్. స్టీరింగ్ ఒక పక్కకు పూర్తిగా తిప్పమన్నారు, పవర్ స్టీరింగ్ పంపు. ఒక్కదానికే కూత లేస్తే తప్పు ఆ పుల్లీ దగ్గరో ఆ పంపు దగ్గరో వెతకాలి. మా కారు అన్నిటికీ అరిచింది. అంటే తప్పు ఏ ఒక్కరిదీ కాదు, అందరికీ ఉమ్మడిగా ఉన్నదానిదే.

తర్వాత నీళ్ల పరీక్ష. నాకు ఈ విద్యలో అన్నిటికంటే నచ్చింది ఇదే. చిన్న స్ప్రే సీసాతో, తిరుగుతున్న బెల్టు గాళ్లవైపు దూరం నుంచి కొద్దిగా నీళ్లు చల్లాలి. చప్పుడు ఠక్కున ఆగి, తడి ఆరగానే మళ్లీ మొదలైతే పుల్లీల వరస తప్పినట్టు, ఎందుకంటే ఒరుసుకునే చోట నీళ్లు నూనెలా పనిచేశాయి. చప్పుడు ఇంకా పెరిగితే బిగువు చాలనట్టు, ఎందుకంటే జారేదాన్ని నీళ్లు ఇంకా జారనిచ్చాయి. పైసా ఖర్చు లేని పరీక్ష. ఇంజన్ నడుస్తుండగా చేసేది కనుక చున్నీ, వదులు జుట్టు, పొడుగు చేతులు దగ్గరికి రానివ్వకూడదు. నాన్న మొదట అడిగింది జడ వేసుకున్నావా అనే.

నీళ్లు చల్లగానే కారు రెట్టింపు అరిచింది.

"బెల్టు కొత్తది, బిగువు లేదు. ఇంకెవరు మిగిలారు?" అన్నారు. ఆయన జవాబు చెప్పలేదు, నాచేతే చెప్పించారు. టెన్షనర్ చెయ్యిని చూడమన్నారు. ఇంజన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు అది దాదాపు కదలకుండా ఉండాలి. మాది జ్వరమొచ్చినట్టు వణుకుతోంది. ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి, బెల్టు దారిని ఫోటో తీసుకున్నాను (చాలా కార్లలో బానెట్ కింద ఆ బొమ్మ అంటించే ఉంటుంది). పొడుగు స్పానర్‌తో టెన్షనర్‌ను వెనక్కి లాగితే బలమైన స్ప్రింగు ఎదురు తిరగాలి, అది మాత్రం తేలిగ్గా, తడబడుతూ వచ్చింది. బెల్టు తీశాక పుల్లీలన్నిటినీ చేత్తో తిప్పి చూశాను. ఆల్టర్నేటర్ నున్నగా తిరిగింది. బెల్టు దారి మళ్లించే ఐడ్లర్ పుల్లీ కూడా అంతే. వాటర్ పంపులో ఊగు లేదు. ఒక్క టెన్షనర్ పుల్లీనే కొద్దిగా పక్కకు ఒరిగి ఉంది, కీలు అరిగిపోయి.

చేతిలో ఉన్న బెల్టు అదే మాట చెప్పింది. మూడు వారాల బెల్టుకు ఒక అంచు నూలుపోగులు లేచి, గాళ్లు అద్దంలా మెరుస్తున్నాయి. బెల్టును చదవడం వస్తే అది ఒక దస్తావేజు. మెరుపు జారుడుకు గుర్తు, ఒక పక్క అరుగుదల వరస తప్పినదానికి గుర్తు. ఉబ్బి మెత్తబడితే పైనుంచి ఆయిలో కూలెంటో కారుతోంది, ఆ కారేది ఆపకుండా ఎన్ని బెల్టులు వేసినా దండగ. ఒక సంగతి మాత్రం నాన్నకు నేనే చెప్పాల్సి వచ్చింది. ఆయన కాలం రబ్బరు పగుళ్లిచ్చేది, పగుళ్లు చూసి మార్చేవారు. 2000 తర్వాతి కార్లలో ఎక్కువగా వచ్చే ఈపీడీఎం రబ్బరు అంత తొందరగా పగలదు, టైరులా నిశ్శబ్దంగా అరుగుతుంది. చూడటానికి బాగున్న బెల్టు కూడా గాళ్లు లోతై జారుతూ ఉండవచ్చు.

అందుకే మార్చిన పాత బెల్టును అడిగి తెచ్చుకోవాలి. మా వాషింగ్టన్ రాష్ట్రంలో వాహన మరమ్మతుల చట్టం ఉంది. పని అప్పగించేటప్పుడే అడిగితే, వారంటీ కింద తిప్పి పంపవలసినవి వంటి కొన్ని తప్ప, తీసేసిన భాగాలను మనకు ఇవ్వాలి. మొదటి రెండు బెల్టులూ నేను అడగలేదు. ఆ రెండు సాక్ష్యాలూ చెత్తలోకి పోయాయి.

ఇంకో మాట. స్ప్రే డబ్బాల్లో బెల్టు మందు అమ్ముతారు, కొట్టగానే అరుపు ఆగుతుంది. ఒకప్పుడు మిల్లుల్లో బల్లపరుపు బెల్టులకు గుగ్గిలం పట్టించేవారు, వాటికి ఆ వైద్యం సరిపోయేది. గాళ్ల బెల్టు మీద ఆ జిగురుకు దుమ్ము పట్టి, కొన్నాళ్లకు చప్పుడు తిరిగొస్తుంది. ఈలోగా రోగం ముదురుతుంది. పసిబిడ్డ ఏడిస్తే నోరు మూసినట్టే ఈ మందు, నేను ఎవరికీ చెప్పను. ఈ బెల్టు 405 హైవే మీద తెగితే స్టీరింగ్ బండబారుతుంది, బ్యాటరీ దీపం వెలుగుతుంది, వాటర్ పంపు దీనిమీదే ఉంటే నిమిషాల్లో ఇంజన్ ఉడికిపోతుంది.

కొత్త టెన్షనర్‌తో పాటు కొత్త బెల్టు కూడా వేశాను, అంచు పాడైన పాతదాన్ని మళ్లీ వాడలేను కనుక. నాన్న ఫోన్లో ఉండగానే స్టార్ట్ చేశాను. మర్నాడు వానలో స్టార్ట్ చేశాను. ఆ చలికాలమంతా స్టార్ట్ చేస్తూనే ఉన్నాను, ప్రతిసారీ అద్దం దించి.

ఉగాదికి బాతెల్ హిందూ దేవాలయం పార్కింగులో ఒక పాత వ్యాను మా పక్క ఖాళీలోకి రావడానికి మలుపు తీసుకుంటూ పెద్దగా కీచుమంది. నడుపుతున్నావిడ సిగ్గుపడుతూ ఇంజన్ ఆపబోయారు. కిటికీ దగ్గరికి వెళ్లి, "ఆపకండి, ఒక్క నిమిషం. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు కూడా వస్తుందా అండీ?" అని అడిగాను.

"లేదండీ. స్టీరింగ్ పూర్తిగా తిప్పితేనే."