నచ్చినది, మంచిది: క్లాసిక్ రాక్ సంగీత విమర్శలో విలువ నిర్ణయం

ఉపోద్ఘాతం

1960ల మధ్యకాలం నుంచి 1970ల చివరి వరకు ఇంగ్లండ్, అమెరికా దేశాలలో వెలువడిన రాక్ సంగీతాన్ని నేడు ‘క్లాసిక్ రాక్’ అని వ్యవహరిస్తున్నారు. బీటిల్స్, రోలింగ్ స్టోన్స్, లెడ్ జెపెలిన్, పింక్ ఫ్లాయిడ్ వంటి బృందాలలో ఏది గొప్పదన్న వాదం అర్ధశతాబ్దంగా సాగుతూనే ఉంది. తమకు నచ్చినదాన్ని ముందుగా మంచిదని నిర్ణయించుకొని, ఆ తర్వాత కారణాలు వెదకడం ఈ వాదంలో తరచుగా కనిపించే ధోరణి. విమర్శకులు కూడా దీనికి అతీతులు కారు. లెడ్ జెపెలిన్ తొలి ఆల్బమ్ 1969లో వెలువడినప్పుడు అమెరికాకు చెందిన రోలింగ్ స్టోన్ పత్రిక దానిపై తీవ్రమైన ప్రతికూల సమీక్ష ప్రచురించింది. అదే పత్రిక 2003లో ప్రకటించిన 500 ఉత్తమ ఆల్బమ్‌ల జాబితాలో ఆ ఆల్బమ్‌కు 29వ స్థానం దక్కింది. ఈ మధ్యకాలంలో ఆల్బమ్‌లో ఒక్క స్వరమూ మారలేదు. వినేవారి అభిరుచి మారింది.

ఇంతమాత్రం చేత సంగీతంలో మంచిచెడ్డలు కేవలం అభిరుచికి సంబంధించినవని తీర్మానించవచ్చునా? అభిరుచిని దాటి చర్చకు నిలిచే ప్రమాణాలు ఉన్నాయా అన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇందుకు భారతీయ కావ్యశాస్త్రంలోని ఔచిత్యం, సంవాదం అనే రెండు భావనలను ఉపకరణాలుగా స్వీకరిస్తుంది. కావ్యం కోసం రూపొందిన పరిభాషను ధ్వనిముద్రిత సంగీతానికి యథాతథంగా అన్వయించడం సాధ్యం కాదు. అయితే రెండు రంగాలలోనూ ఎదురయ్యే సమస్య ఒకటే: భాగాలకూ సమగ్రరూపానికీ ఉన్న సంబంధమేమిటి, పాతదానికీ కొత్తదానికీ ఉన్న సంబంధమేమిటి అన్నది.

వ్యవహారంలో ఉన్న మూడు ప్రమాణాలు

రాక్ సంగీత విమర్శలో సాధారణంగా ప్రజాదరణ, వాద్యనైపుణ్యం, మౌలికత అనే మూడు ప్రమాణాలు కనిపిస్తాయి.

పింక్ ఫ్లాయిడ్ బృందం 1973లో వెలువరించిన ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ 1988 వరకు అమెరికా బిల్‌బోర్డ్ ఆల్బమ్ పట్టికలో 741 వారాలు నిలిచింది. ప్రజాదరణకు ఇంతకు మించిన నిదర్శనం అరుదు. కానీ 1967లో వెలువడిన వెల్వెట్ అండర్‌గ్రౌండ్ బృందపు తొలి ఆల్బమ్ ఆ రోజులలో చాలా స్వల్పంగా అమ్ముడుపోయి, తర్వాతి తరాల సంగీతకారులపై గాఢమైన ప్రభావం చూపింది. కనుక ఆదరణ ఒక కృతి ఎంతమందిని చేరిందో తెలుపగలదు గాని, చేరినది ఏమిటో తెలుపలేదు.

వాద్యనైపుణ్యం విషయంలోనూ ఇదే ఇబ్బంది. ఎమర్సన్, లేక్ అండ్ పామర్ వంటి బృందాలు పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంతో పోటీపడే ప్రౌఢిని ప్రదర్శించాయి. 1976లో వచ్చిన రామోన్స్ తొలి ఆల్బమ్‌లో 14 పాటలూ కలిసి అరగంటకు లోపే ముగుస్తాయి. అందులోని గిటార్ వాదనను కొద్దిపాటి సాధన ఉన్నవారు సైతం అనుకరించగలరు. రెండవదాన్ని నైపుణ్యలోపం పేరిట తోసిపుచ్చడం చిత్రకవిత్వం, గర్భకవిత్వం చెప్పగలిగినవాడే కవి అన్నంత అసంగతం. మూడవదైన మౌలికత మరింత చిక్కైనది. రాక్ సంగీతానికి పునాదియైన బ్లూస్ ఆఫ్రికన్ అమెరికన్ల పాట. దాని నుంచి తీసుకోకుండా ఏర్పడిన క్లాసిక్ రాక్ బృందాన్ని చూపడం కష్టం. అన్నింటికీ ఋణం ఉన్నప్పుడు, ఋణం లేకపోవడాన్ని కొలమానంగా పెట్టుకోవడం వ్యర్థం.

ఔచిత్యం: భాగం, సమగ్రత

11వ శతాబ్దికి చెందిన క్షేమేంద్రుడు ‘ఔచిత్యవిచారచర్చ’లో ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణంగా ప్రతిపాదించాడు. పదం, వాక్యం, అలంకారం, రసం మొదలైన ప్రతి అంగమూ తగిన చోట ఉన్నప్పుడే శోభిస్తుందని అతని వాదన. నడుముకు ధరించవలసిన ఆభరణం కంఠంలో ధరిస్తే హాస్యాస్పదమైనట్లే, స్వతహాగా సుందరమైన అంశం సైతం అనుచిత స్థానంలో దోషమవుతుంది.

ఈ దృష్టితో చూసినప్పుడు రాక్ సంగీతంలో కొన్ని పాత వివాదాలు కొత్తగా అర్థమవుతాయి. బీటిల్స్ బృందంలో డ్రమ్స్ వాయించిన రింగో స్టార్‌ను సామాన్య వాద్యకారుడిగా చిన్నచూపు చూసినవారున్నారు. ‘ఎ డే ఇన్ ది లైఫ్’ పాటలో అతని వాదన లయను నడపడంతో ఆగదు. గాయకుడు చరణం ముగించి విరామమిచ్చిన చోట డ్రమ్స్ ఒక వాక్యాన్ని పూరించినట్లు పలికి, గొంతు మళ్లీ అందుకోగానే ఒదిగిపోతుంది. రోలింగ్ స్టోన్స్ వాద్యకారుడు చార్లీ వాట్స్ స్నేర్ డ్రమ్‌పై దెబ్బ వేసే క్షణంలో హైహ్యాట్ తాళాలను మోగించకుండా చేతిని ఎత్తేవాడు. ఆ లిప్తపాటు నిశ్శబ్దం వల్ల దెబ్బ విడిగా, నిండుగా వినిపిస్తుంది. ఇక్కడ నైపుణ్యం వాయించినదానిలో కంటే విడిచిపెట్టినదానిలో ఉంది.

పింక్ ఫ్లాయిడ్ 1975లో వెలువరించిన ‘షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్’ ఇందుకు మరింత విస్తృతమైన ఉదాహరణ. మానసిక అస్వస్థత కారణంగా 1968లో బృందానికి దూరమైన సిడ్ బారెట్‌ను ఉద్దేశించిన కృతి ఇది. ఎనిమిది నిమిషాలు దాటిన తర్వాత గాని గొంతు వినిపించదు. అంతకు ముందు డేవిడ్ గిల్మోర్ గిటార్‌పై పలికించిన నాలుగు స్వరాల పదబంధం పదేపదే వచ్చి, ప్రతిసారీ జవాబు రాని పిలుపులా గాలిలో నిలిచిపోతుంది. వేగాన్ని ప్రమాణంగా తీసుకున్నవారికి ఈ నాలుగు స్వరాలలో గొప్పతనమేమీ కనిపించదు. కృతి వస్తువు ఒక వ్యక్తి లేకపోవడమే అని గ్రహించినప్పుడు, గొంతు ఆలస్యంగా రావడం, స్వరాల మధ్య వదిలిన ఖాళీ ఆ లేమిని వాచ్యం చేయకుండా స్ఫురింపజేస్తాయి. సాగదీత అనిపించగల లక్షణమే ఔచిత్యం వల్ల గుణమైంది. ఇదే నిడివి మరొక వస్తువుకు దోషం కావచ్చు. ఆ దశాబ్దంలోని అనేక సుదీర్ఘ కృతుల విషయంలో జరిగింది అదే.

సంవాదం: పాత పాట, కొత్త ప్రాణం

9వ శతాబ్దికి చెందిన ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’ నాలుగవ ఉద్యోతంలో ఇద్దరు కవుల రచనల మధ్య కనిపించే పోలికను సంవాదం అని పేర్కొన్నాడు. సంగీతశాస్త్రంలోని వాది-సంవాది సంబంధంతో దీనికి పనిలేదు. అతడు ఈ పోలికను మూడు విధాలుగా విభజించాడు: అద్దంలోని ప్రతిబింబం వంటిది, చిత్తరువు వంటిది, ఒకే ఆకారం కలిగిన మరొక దేహి వంటిది. మొదటిదానికి వేరే ఆత్మ లేదు. రెండవదానిది తుచ్ఛమైన ఆత్మ. ఈ రెండూ త్యాజ్యాలు. మూడవదానికి స్వీయమైన ఆత్మ ఉంది కనుక పోలిక ఉన్నంత మాత్రాన కవి దానిని విడువనవసరం లేదు.

మౌలికత అనే ప్రమాణం విఫలమైన చోట ఈ విభజన ఉపకరిస్తుంది. బాబ్ డిలన్ 1967లో వెలువరించిన ‘ఆల్ అలాంగ్ ది వాచ్‌టవర్’లో గిటార్, హార్మోనికా, బేస్, డ్రమ్స్ మాత్రమే ఉన్నాయి. మరుసటి ఏడాది జిమి హెండ్రిక్స్ అదే పాటను విద్యుత్ గిటార్ ప్రధానంగా పునర్నిర్మించాడు. డిలన్ పాటలో ముప్పు దూరాన ఉన్నట్లు తోస్తే, హెండ్రిక్స్ పాటలో అది గుమ్మంలోకి వచ్చినట్లు తోస్తుంది. డిలన్ స్వయంగా తన తర్వాతి కచేరీలలో ఈ పాటను హెండ్రిక్స్ పద్ధతికి దగ్గరగా పాడాడు. రెండవ దేహి తన ఉనికిని మొదటిదానిపై కూడా ముద్రించిన సందర్భమిది.

‘వెన్ ది లెవీ బ్రేక్స్’ మరింత సంక్లిష్టమైనది. 1927లో మిసిసిపీ నది కరకట్టలు తెగి లక్షలాది మంది నిరాశ్రయులయ్యారు. ఆ విపత్తు నేపథ్యంగా కాన్సస్ జో మెకాయ్, మెంఫిస్ మిన్నీ దంపతులు 1929లో ఈ పాటను రికార్డు చేశారు. అందులో ఉన్నవి రెండు గిటార్లు, మెకాయ్ గొంతు మాత్రమే. లయ చురుకుగా సాగుతుంది. గొంతులో ఆక్రోశం కంటే నిబ్బరం ఎక్కువ. నీరు వచ్చాక ఏం చేయాలో ఆలోచించుకుంటున్న మనిషి అందులో వినిపిస్తాడు. 1971లో లెడ్ జెపెలిన్ ఈ పాటను ఏడు నిమిషాలకు విస్తరించింది. హ్యాంప్‌షైర్‌లోని హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో జాన్ బోనమ్ డ్రమ్స్‌ను మెట్లదారి అడుగున ఉంచి, పై అంతస్తు నుంచి వేలాడదీసిన మైకులతో ధ్వనిని గ్రహించారు. దెబ్బతో పాటు ఆ ఎత్తైన గోడల ప్రతిధ్వని కూడా ముద్రితమైంది. ఫలితంగా వినిపించేది మనిషి కాదు, వరద. ఒకటి బాధితుని వైపు నుంచి, మరొకటి ప్రవాహం వైపు నుంచి పలికిన పాటలు ఇవి. ఆనందవర్ధనుని పరిభాషలో రెండవది తుల్యదేహి. రెండింటిలో ఏదీ మరొకదాన్ని అనవసరం చేయదు.

ఋణప్రకటన

సౌందర్యపరమైన ఈ సమర్థన ఎంతవరకు వర్తిస్తుందో గుర్తించడం అవసరం. 1971 నాటి ఆల్బమ్‌పై మెంఫిస్ మిన్నీ పేరు బృందసభ్యుల పేర్లతో పాటు కనిపిస్తుంది. పాడిన మెకాయ్ పేరు లేదు. 1969 నాటి ‘హోల్ లాటా లవ్’ విషయంలో ఆ మాత్రం గుర్తింపు కూడా దక్కలేదు. మడ్డీ వాటర్స్ 1962లో పాడిన విల్లీ డిక్సన్ రచన ‘యూ నీడ్ లవ్’తో దాని సాహిత్యానికి సన్నిహితమైన పోలిక ఉంది. 1985లో డిక్సన్ వేసిన దావా 1987లో రాజీతో ముగిసింది. తర్వాతి ముద్రణలలో అతని పేరు చేరింది. ఈ పాటలోని ప్రధాన గిటార్ పల్లవి లెడ్ జెపెలిన్‌దే. కనుక ఒకే పాట బాణీలో తుల్యదేహిగా, మాటలలో ప్రతిబింబంగా నిలిచింది.

బ్లూస్‌లో పాదాలు, బాణీలు ఒక గాయకుని నుంచి మరొకరికి స్వేచ్ఛగా సంచరించేవని, కాబట్టి ఇందులో దోషం లేదని ఒక వాదం ఉంది. సంచారం వాస్తవమే. అయితే ఉమ్మడి సొత్తుగా అందినదాన్ని సొంత ఆస్తిగా నమోదు చేసుకున్న క్షణంలో ఆ సంప్రదాయం ఆగిపోతుంది. తెలుగు సాహిత్యంలో శ్రీనాథుడు ‘శృంగారనైషధం’ చివర మూలకర్తయైన భట్టహర్షుని పేరు గౌరవంగా పేర్కొని, ఆ కావ్యాన్ని తెనిగించడంలో ఔచిత్యాన్ని ఆదరించి అనౌచిత్యాన్ని పరిహరించానని చెప్పుకొన్నాడు. ఋణప్రకటన వల్ల అతని స్వతంత్రతకు లోటు రాలేదు సరికదా, పాఠకుడు రెండు కావ్యాలను పక్కపక్కన ఉంచి ఆ స్వతంత్రతను గుర్తించే అవకాశం ఏర్పడింది. మూలం మరుగుపడినప్పుడు నష్టపోయేది మూలకర్త ఒక్కడే కాదు. కొత్త కళాకారుడు ఏమి చేర్చాడో తెలుసుకునే మార్గం శ్రోతకు కూడా మూసుకుపోతుంది.

ముగింపు

ఒక బృందం నచ్చడం లేదా నచ్చకపోవడం శ్రోత స్వేచ్ఛ. దానిని మంచిదని ప్రకటించినప్పుడు మాత్రం ఇతరులు వినదగిన కారణాలు చూపవలసి ఉంటుంది. ధ్వనుల పరస్పర సంబంధాన్ని ఔచిత్యం ద్వారా, పూర్వకృతితో ఉన్న సంబంధాన్ని సంవాదం ద్వారా పరిశీలిస్తే ఆ కారణాలు కృతిలోనే దొరుకుతాయి. ఎదుటివారు విని పరీక్షించడానికి, కాదనడానికి కూడా వీలవుతుంది. ఋణప్రకటన ఈ రెండింటికీ భిన్నమైన ప్రశ్న. పాట బాగుండటం వల్ల ఋణం తీరదు. ఋణం తీర్చకపోవడం వల్ల బాగున్న పాట చెడ్డది కాదు. ‘వెన్ ది లెవీ బ్రేక్స్’ను గొప్ప కృతిగా అంగీకరించే విమర్శకుడు 1929 నాటి రికార్డును కూడా విని, జో మెకాయ్ పేరును కూడా చెప్పవలసి ఉంటుంది. అప్పుడే ఆ అంగీకారం అభిరుచి స్థాయిని దాటి విమర్శ అవుతుంది.