పెన్నెల్ శిలాముద్రలలో నద్భుతరసము

అమెరికా ముద్రాచిత్రకారులలో యంత్రశాలలను, పొగగొట్టములను సౌందర్యవస్తువులుగా గ్రహించినవారిలో జోసెఫ్ పెన్నెల్ (1857–1926) ముఖ్యుఁడు. ఫిలడెల్ఫియాలో జన్మించిన యీతఁడు పిట్సుబర్గు నుక్కుకర్మాగారములను లోహఫలకములపైఁ జిత్రించెను. 1912లోఁ బనామా కాలువ నిర్మాణమును దర్శించి శిలాముద్రలు రచించెను. ఇట్టి వస్తువులకెల్ల నాతఁ డిడిన పేరు ‘కార్యాద్భుతము’.

గాటూను లాకు నడుగుభాగమును జూపు చిత్రమును బరిశీలింతము. నీరు నిండినపిమ్మట మునిఁగిపోవు ప్రదేశ మది. గోడలు పర్వతములవలె లేచినవి. వానిక్రింద మనుష్యులు చుక్కలు మాత్రమే. రసము నిస్సంశయముగా నద్భుతము. కాని దాని కాలంబనము గోడయా, గోడఁ గట్టినవాఁడా?

అమెరికా ప్రభుత్వము 1904 మొదలు 1914 వఱకు నడపిన యీ నిర్మాణమున లెక్కకెక్కిన మరణములే 5,600కు మించినవి. మృతులలోఁ బెక్కండ్రు వెస్టిండీసునుండి వచ్చిన కూలీలు. చిత్రకారుఁడు మరణలేఖకుఁడు కాఁడు గదా యని కొంద ఱనవచ్చును. నిజమే. అయినను గర్మణివాక్యమునఁ గర్త యప్రధానుఁడగునే కాని లుప్తుఁడు గానక్కఱలేదు. కార్యమును గీర్తించుచుఁ గర్తకు ముఖమైన నీయకుండుట యౌచిత్యలోపము.

ఒక్క విశేషము మాత్ర మాతని పక్షమునఁ జెప్పవలసియున్నది. ఆ చుక్కలను జెఱిపినచో గోడ యెత్తు మనకుఁ దెలియదు. అద్భుతమునకుఁ గొలమానము మనుష్యుఁడే. ఆ ఋణమును జిత్రము చూపుచున్నది. ‘కార్యాద్భుత’ మను పేరు చెప్పుట లేదు.